ఎడమ చిప్ప

పొడవు ముప్పై ఒకటిన్నర మిల్లీమీటర్లు.
ఎత్తు పందొమ్మిది.
మందం రాయలేదు,
సగం ఇంకా రాతిలోనే ఉంది.

కొడంగల్ దాటినంక కందిచేన్ల నడుమ
ఏడు మట్ల బావి.
పైన నల్లరాయి, కింద నల్లరాయి,
ఎప్పుడో చల్లారిన రెండు మంటల మధ్య
మూరెడు మందం తెల్లటి చెరువు,
పలుగు దింపితే
నిప్పులు రాలే చెరువు.

వల్లెపు మొగులప్ప
సిమెంటు సంచిలో చుట్టి
పాలమూరు బస్సుల పంపి, ఫోన్ చేసిండు:
"నీళ్ళు పడలే మేడం,
సిప్పలు పడ్డయి."

మడతబందు పైకి పెట్టి
ముక్కు నాకు దూరంగా తిప్పి పట్టుకున్న.
ఎడమది.
నేనూ, ల్యాబ్ అటెండర్ గౌసొద్దీనూ
రెండు ఎండకాలాలు రాయి కొట్టినం.
పద్నాలుగు చిప్పలు. పద్నాలుగూ ఎడమవే.
నీటి వాలుకు కుడివన్నీ ఒక దిక్కు
కొట్టుకపోతయని పుస్తకంలో ఉంది.
ఏ దిక్కో లేదు.

సూదిమొనతో మట్టి తీస్తుంటే
పళ్ళు కనిపించినయి, రెండు.
మూడోది
పన్నో, గీరో, నా సూది చేసిన తప్పో.
ఆ ఒక్క పన్ను మీదే ఆధారపడి ఉంది
ఇది కొత్త జాతా,
ఎవరో పెద్దమనిషి అరవై ఏండ్ల కింద పేరు పెట్టి
డ్రాయర్లో పండబెట్టిన పాత జాతికి
పసిబిడ్డా అన్నది.

పెరిగిన గీతలు పదకొండు.
ఎనిమిదో గీత కాడ అన్నీ ఇరుకిరుకు.
"కరువు" అని రాయబోయి
కొట్టేసి
"పెరుగుదల మందగించింది" అని రాసిన.
మా శాస్త్రంలో కరువుకు రుజువు కావాలె.
ఈ జిల్లాలో అక్కర్లేదు.

పరీక్షించినాయన ఉత్తరం రాసిండు, మర్యాదగానే:
పద్నాలుగు సరిపోవు, ఇంకా సేకరించండి.

పోతే, బావి లేదు.
పక్కన బోరు, ఆరువందల ఫీట్లు.
తీసిన రాయే పోసి పూడ్చిండ్రు.
పూడ్చింది కూడ మొగులప్పే.
"నీళ్ళు పడలేదని తవ్వినదానికి సగం కూలి ఇచ్చిండు,
పూడ్చినదానికి పూరా ఇచ్చిండు" అన్నడు,
కోపం లేకుండ,
లెక్క చెప్పినట్టు.

మాణెమ్మ చాయ్ పోసి
గూట్లోంచి తన చిప్ప తీసింది.
వాగులో దొరికిందట,
పాలకుండ అడుగు గోకే చిప్ప.
అత్త చేతుల, ఆమె అత్త చేతుల
ఒక అంచు ఏటవాలుగా అరిగింది.
చూసిన. కుడిది.

నా చేతిలోది అడిగి తీసుకుని
రెండూ దగ్గర పెట్టింది.
మడతబందులు కలవలే.
కలవవని నాకు తెలుసు,
అయినా వంగి చూసిన.
ఆరున్నర కోట్ల ఏండ్ల సందులోంచి
పొయ్యి వెలుగు కొంచెం కనబడ్డది.

"మీది అసలు అరగలే,"
అంచు మీద బొటనవేలు నడిపి చెప్పింది,
"ఇది ఎవల గిన్నె గోకలే."
మా భాషలో దీన్నే
అంచు చెక్కుచెదరలేదు, నమూనా ఉత్తమం
అని రాస్తం.
ఆమె గొంతులో మెప్పు లేదు.

పేరు మాట వచ్చింది.
మొగులప్ప పేరుకు లాటిన్ తోక తగిలించి
చదివి వినిపించిన.
నవ్వి నవ్వి దగ్గు పట్టింది ఆయనకు.
"రేషన్ కార్డుల తప్పే పడ్డది.
దీంట్లనన్న సక్కగ రాయుండ్రి."

రాత్రి గదిలో కాగితం ముందేసుకున్న.
దొరికిన చోటు: పూడ్చిన బావి, పై నుంచి ఏడు మట్లు.
కొట్టేసి మీటర్లు రాసిన.
పోలికలు: చూడాలె.
కుడి చిప్ప: తెలియదు.
పేరు దగ్గర
ఇంకా పెన్సిలే.